బేచైన్ వేళ్లకు ఏం ఇవ్వాలి?

మా భాంజా మడికొండ ఐటీ పార్కులో ఒక కంపెనీలో చేస్తాడు. 2020 జనవరిలో అక్కడ టెక్ మహీంద్రా, సైయెంట్ కేంద్రాలు మొదలయ్యాక కాజీపేట, హన్మకొండ పిల్లలు కొందరికైనా హైదరాబాద్ వెళ్లకుండానే రోజీ దొరుకుతోంది. వీడి నౌకరీ ఇంకా పక్కా కాలేదు. మీటింగుల్లో పెన్ను టక్‌టక్‌మనిపిస్తున్నాడని టీమ్ లీడర్ పిలిచి చెప్పాడట. ధ్యాస లేదని రాసేస్తే ఖత్రానే. ఆపా ఫిక్ర్‌తో ఫోన్ చేసింది. "చేతిలో ఏదో ఒకటి ఉండాలంటున్నాడు భయ్యా, తస్బీహ్ ఇచ్చి పంపనా?"

వద్దన్నాను.

తస్బీహ్‌కు 33 పూసలుంటాయి, లేదంటే 99, 100. ప్రతి పూసకూ ఒక మాట ఉంది. క్లయింట్ కాల్ వింటూ, ఎక్సెల్ షీట్ చూస్తూ పూసలు జరిపితే అది జిక్రూ కాదు, పనీ కాదు. నాజాయిజ్ అని ఫత్వా ఇవ్వడానికి నేను ఆలిమ్‌ని కాను, అదబ్ సంగతే చెబుతున్నాను. గ్రీసులో చాయ్‌ఖానా లాంటి చోట్ల పెద్దమనుషులు కొంబొలోయ్ అనే పూసల దండ తిప్పుతూ కూర్చుంటారు. దానికి లెక్కా లేదు, దువా లేదు. అలాంటిది డెస్కు మీద ఉంటే నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే గలగలమంటుంది.

అలాగని చేయి కదిపితేనే బేఅదబీ అనేవాళ్లతో నేను లేను. మా ఉర్దూ మీడియం బడిలో కాలు ఊపినా బెత్తమే. జుమా ఖుత్బా జరుగుతుంటే గులకరాళ్లు తాకడం లగ్వ్ అని సహీహ్ ముస్లింలో హదీసు ఉంది. ఖుత్బా అదబ్ ఖుత్బాది, అందులో బహస్ లేదు. కానీ పద్నాలుగు వందల ఏళ్ల కిందట కూడా కూర్చుని వినే మనిషి వేళ్లు ఊరుకోలేదని ఆ హదీసు చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

కదిలే చెయ్యి ప్రతిసారీ ధ్యాసకు దుష్మన్ కాదు. ఇంగ్లండులోని ప్లిమత్ యూనివర్సిటీకి చెందిన జాకీ ఆండ్రేడ్ 40 మందికి ఒక విసుగు పుట్టించే ఫోన్ మెసేజ్ వినిపించారు. కాగితం మీద గడులు నింపుతూ విన్నవాళ్లకు, ఊరికే విన్నవాళ్లకంటే 29 శాతం ఎక్కువ గుర్తుంది. స్పిన్నర్ కథ వేరు. 2017లో ఊరూరా పిల్లల చేతుల్లో తిరిగింది కదా, అదే. దాన్ని తిప్పుతూ వీడియో పాఠం చూసినవాళ్లకు పాఠం తక్కువ గుర్తున్నట్టు తర్వాత అమెరికాలో తేలింది. నా సమఝ్‌లో కారణం కన్ను. గడులు నింపడం చేతికి పని, స్పిన్నర్ తిరుగుతుంటే కన్ను దానివెంటే పోతుంది.

అందుకే కొనేటప్పుడు నేను చూసేది రెండే. ఖామోష్‌గా ఉండాలి, చూడకుండా ఒంటిచేత్తో ఆడించగలగాలి. 2016లో కిక్‌స్టార్టర్‌లో 60 లక్షల డాలర్లకు పైగా చందా పోగైన ఫిడ్జెట్ క్యూబ్‌లో కూడా కొన్ని బటన్లు చప్పుడు చేస్తాయి, కొన్ని చేయవు. పెన్ను మాన్పించి అది కొనిస్తే టక్‌టక్ ఎక్కడికీ పోదు. పాప్‌ఇట్ కూడా అంతే. చిన్న అయస్కాంతపు గుండ్లు మాత్రం ఇంట్లోకే రానివ్వకండి. పసివాళ్లు రెండు మింగితే పేగుల్లో ఒకదాన్నొకటి లాక్కుని పేగునే చీల్చగలవు. భాంజాకు నేను చెప్పింది మెత్తటి రబ్బరు రింగు, లేదంటే వాగులో దొరికే నున్నటి రాయి. రాయికి పైసా ఖర్చు లేదు, జేబులో పడి ఉంటుంది. టీమ్ లీడర్‌కు కూడా ముందే చెప్పమన్నాను, "సార్, చేయి కదిలితే నాకు బాగా వినబడుతుంది" అని. దాచి పెట్టుకుంటే దొంగతనంలా కనిపిస్తుంది.

ఒక్క మాట తల్లిదండ్రులకు. చిన్నప్పటి నుంచీ ఎక్కడా కుదురుగా కూర్చోలేక, మొదలుపెట్టిన పని ఏదీ పూర్తి చేయలేక, బడిలోనూ ఇంట్లోనూ రోజూ తిట్లు తింటున్న పిల్లవాడి మసలా రాయితో, రింగుతో తీరదు. తావీజు కట్టి, దెబ్బలు కొట్టి ఏళ్లు పోగొట్టకండి. వరంగల్‌లో మానసిక వైద్యులున్నారు. మన మొహల్లాలో ఆ డాక్టర్ దగ్గరికి వెళ్తే "పిచ్చి" అంటారన్న భయంతో ఎంతమంది తెలివైన పిల్లలు పదో తరగతి దగ్గరే ఆగిపోయారో మీకూ తెలుసు.