మ్యాకా, విండోసా? పిల్లలు భయం లేకుండా ముట్టుకునేదే కొనండి



పేరెంట్-టీచర్ మీటింగుల్లో మార్కుల సంగతి అయిపోయాక ఈ మధ్య తరచుగా వినిపిస్తున్న ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఇంట్లోకి కంప్యూటర్ కొందామనుకుంటున్నాం. మ్యాక్ తీసుకోమంటారా, మామూలు విండోస్‌దా?" కొందరు "మావాడు మ్యాక్ తప్ప వద్దంటున్నాడు" అంటారు. ఇంకొందరు "మా మరిది అమెరికా నుంచి వస్తున్నాడు, అక్కడ చవకట కదా" అంటారు.

నేను ఇంగ్లీష్ టీచర్‌ని, కంప్యూటర్ ఇంజినీర్‌ని కాదు. కానీ మీ పిల్లలు ఇంట్లో చేసి తెచ్చే ప్రాజెక్టులు దిద్దేది నేనే. ఆ అనుభవంతో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఆరు నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలున్న ఇంటికి మంచి విండోస్ పీసీ చాలు. మ్యాక్ బాగుండదని కాదు, ఈ వయసులో పిల్లలకు కావాల్సింది భయం లేకుండా ముట్టుకోగలిగే కంప్యూటర్.

ముందు మ్యాక్ గురించి న్యాయంగా మాట్లాడుకుందాం. 2020 నవంబరులో ఆపిల్ కంపెనీ తన సొంత ఎం1 చిప్‌తో మ్యాక్‌లు తెచ్చింది. అప్పటి నుంచి మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ఫ్యాన్ కూడా లేదు. చప్పుడు చేయదు, తేలిగ్గా ఉంటుంది, ఒకసారి చార్జింగ్ పెడితే మామూలు వాడకానికి రోజంతా వస్తుంది. ఇంట్లో ఎవరైనా వీడియో ఎడిటింగ్ చేస్తున్నా, ఐఫోన్ యాప్‌లు తయారుచేసే ఉద్యోగంలో ఉన్నా మ్యాక్ కొనడంలో అర్థముంది. ఐఫోన్ యాప్‌లు రాయడానికి వాడే ఎక్స్‌కోడ్ మ్యాక్ మీద మాత్రమే నడుస్తుంది.

ఇక ధర. ఎం4 చిప్ ఉన్న మ్యాక్‌బుక్ ఎయిర్ 2025 మార్చిలో మన దేశంలో విడుదలైనప్పుడు ప్రారంభ ధర రూ. 99,900. అంతకుముందు 2024 చివర్లో మ్యాక్ మినీ రూ. 59,900కి వచ్చింది. చవకే అనిపిస్తుంది కానీ ఆ పెట్టెలో మానిటర్, కీబోర్డు, మౌస్ ఉండవు. అవన్నీ విడిగా కొనుక్కోవాలి.

లక్ష రూపాయల వస్తువు మధ్యతరగతి ఇంట్లోకి వస్తే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు. మొదటి వారం పూజ, ఫొటోలు. రెండో వారం నుంచి "నీళ్ల గ్లాసు అక్కడ పెట్టకు", "చెల్లికి ఇవ్వకు", "నాన్నగారు వచ్చాక తీద్దాం". నెల తిరిగేసరికి అది బీరువాలోకి చేరుతుంది. పిల్ల మాత్రం అమ్మ ఫోన్‌లో ప్రాజెక్టు చేసి, అరకొరగా టైప్ చేసి తెస్తుంది. ఈఎంఐ మాత్రం నెలనెలా కట్టాల్సిందే.

కంప్యూటర్ నేర్చుకోవడం సైకిల్ నేర్చుకోవడం లాంటిదే. కింద పడకుండా ఎవరికీ రాదు. ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో తెలియక వెతుక్కోవాలి, తప్పు టైప్ చేసి దిద్దుకోవాలి, ప్రింటర్ కేబుల్ తీసి మళ్లీ పెట్టాలి. "పాడైపోతుందేమో" అన్న భయం పెద్దవాళ్ల మొహంలో కనిపిస్తే పిల్లలు అక్కడే ఆగిపోతారు.

రెండో విషయం రిపేరు. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో ర్యామ్, స్టోరేజీ రెండూ లోపలే అతికించి ఉంటాయి. కొన్న రోజు ఎంత తీసుకున్నామో చివరిదాకా అంతే, తర్వాత పెంచుకునే వీలు లేదు. డెస్క్‌టాప్ పీసీలోనూ, చాలా విండోస్ ల్యాప్‌టాప్‌లలోనూ మూడేళ్ల తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్తే ఈ పని చేసిపెట్టే షాపులు వరసగా ఉంటాయి. చిన్న ఊళ్లలో కూడా పీసీ బాగుచేసేవాళ్లు ఒకరో ఇద్దరో దొరుకుతారు. మ్యాక్ పాడైతే చాలా ఊళ్ల నుంచి నగరానికి పట్టుకెళ్లాల్సిందే.

మూడోది చదువు అవసరం. బడిలో ఇచ్చే ఏ పనికీ మ్యాక్ అక్కర్లేదు. వర్డ్, పవర్‌పాయింట్ రెండింటిలోనూ నడుస్తాయి. అయితే మ్యాక్‌తో పాటు వచ్చే పేజెస్‌లో వ్యాసం రాసి అలాగే పంపిస్తే విండోస్ కంప్యూటర్‌లోని వర్డ్‌లో అది తెరుచుకోదు. వర్డ్ ఫైల్‌గానో పీడీఎఫ్‌గానో మార్చి పంపాలి. రేపు కామర్స్ తీసుకునే పిల్లలు నేర్చుకునే ట్యాలీ విండోస్ కోసం తయారైనదే. మెకానికల్ ఇంజినీరింగ్‌లో వాడే సాలిడ్‌వర్క్స్ కూడా అంతే. పాత ఇంటెల్ మ్యాక్‌లలో బూట్ క్యాంప్ ద్వారా విండోస్ వేసుకునేవాళ్లు. ఇప్పటి ఆపిల్ చిప్ మ్యాక్‌లలో ఆ సౌకర్యం లేదు.

"మా బావగారు అమెరికా నుంచి తెస్తారు" అనేవారికి ఒక మాట. 18 ఏళ్లు నిండిన ప్రయాణికులు ఒక ల్యాప్‌టాప్‌ను కస్టమ్స్ సుంకం లేకుండా తెచ్చుకోవచ్చన్నది నిజమే. కానీ ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ విడుదలైనప్పుడు అక్కడి ధర 999 డాలర్లు. చాలా రాష్ట్రాల్లో దాని మీద అమ్మకపు పన్ను కూడా పడుతుంది. ఆ రోజు డాలర్ రేటుతో లెక్క కట్టి చూడండి, తేడా అనుకున్నంత ఉండదు. పైగా బంధువులు తెచ్చిన వస్తువైతే బీరువాలోకి మరీ తొందరగా వెళ్తుంది.

పీసీ అన్నాను కదా అని అన్నిటికంటే చవకది తెచ్చుకోమని కాదు. 4 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ కొంటే ఆరు నెలల్లో పిల్లలకు కంప్యూటర్ అంటేనే విసుగు పుడుతుంది. కనీసం 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చూసుకోండి. "తర్వాత ర్యామ్ పెంచుకోవచ్చా?" అని షాపతన్ని తప్పకుండా అడగండి, పల్చటి మోడళ్లలో కొన్నింటికి ఆ వీలుండదు. సెకండ్ హ్యాండ్ తీసుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా వేసుకోవాలంటే ఇంటెల్ ప్రాసెసర్ దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో అయ్యుండాలి. అంతకంటే పాతది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

నన్నడిగితే ల్యాప్‌టాప్ కంటే డెస్క్‌టాప్ ఇంకా మేలు. హాల్లో ఒక మూల టేబుల్ మీద పెడితే అది ఒక్కరి సొత్తు కాదు, ఇంట్లో అందరిదీ అవుతుంది. అన్నకు ల్యాప్‌టాప్, చెల్లికి అమ్మ ఫోన్ అన్న పరిస్థితి కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. ఇద్దరూ ఒకే ఫీజు కట్టి, ఒకే సిలబస్ చదువుతున్నారు. హాల్లో ఉన్న కంప్యూటర్‌కు వంతులు వేసుకోవచ్చు. పిల్లలు ఏం చూస్తున్నారో వెనక నిలబడి కాపలా కాయాల్సిన పని కూడా తగ్గుతుంది. కరెంటు పోతే ఆగిపోకుండా చిన్న యూపీఎస్ ఒకటి పెట్టుకోండి.

ఏది కొన్నా సరే, ఒక మౌస్ ఇవ్వండి. జేఈఈ మెయిన్ లాంటి పరీక్షల్లో జవాబులు మౌస్‌తోనే గుర్తించాలి, అంకెలు కూడా స్క్రీన్ మీది కీప్యాడ్‌పై క్లిక్ చేయాలి. టచ్‌ప్యాడ్ మీదే పెరిగిన చేతికి అది కొత్తగా ఉంటుంది. తెలుగు కీబోర్డు కూడా ఆన్ చేసిపెట్టండి, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ అది ఉచితంగానే ఉంది. ఇంగ్లీష్ మీడియం పిల్లలు అమ్మమ్మకు తెలుగులో నాలుగు వాక్యాలు టైప్ చేయగలగాలని ఇంగ్లీష్ టీచర్‌గా నేనే కోరుకుంటున్నాను.

"మా ఫ్రెండ్స్ అందరి దగ్గరా మ్యాక్ ఉంది" అని పిల్లలు అంటే కోప్పడకండి. పక్కన కూర్చోబెట్టుకుని రెండు ధరలూ కాగితం మీద రాయించండి. మంచి పీసీ దాదాపు సగం ధరకో, సగానికి కాస్త పైనో వస్తుంది. మిగిలిన డబ్బుతో ఇంటర్నెట్, యూపీఎస్, ప్రింటర్, పుస్తకాలు ఎన్ని వస్తాయో వాళ్లనే లెక్క వేయమనండి. కాలేజీలో చేరాక, ఎంచుకున్న కోర్సును బట్టి మ్యాక్ కావాలో వద్దో వాళ్లే చెబుతారు. ఆపిల్ ఇచ్చే విద్యార్థుల తగ్గింపు ధర కూడా కాలేజీ పిల్లలకే గానీ బడి పిల్లలకు కాదు.

అప్పటిదాకా మీ ఇంట్లో కంప్యూటర్ కీబోర్డు మీద అక్షరాలు కొంచెం అరిగి కనిపిస్తే సంతోషించండి. పెట్టిన డబ్బు చదువుకే పనికొచ్చిందని అర్థం.