కాయితం మీద పేరు మారకుంటే బండి మనది కాదు



కొన్ని నెలల నుంచి మన సోలాపూర్ తూర్పు దిక్కు గల్లీలల్లో ఒకటే మాట వింటున్న. "హైదరాబాదుల పాత కార్లు అగ్గువకు దొరుకుతున్నయట, ఒకటి తెచ్చుకుందామా మామా?" అని. అడిగేటోళ్లు ఎక్కువగా చద్దర్ల కార్ఖానాల్లో, టవల్ కార్ఖానాల్లో పనిచేసే పిలగాండ్లు. అందులో సిరిసిల్ల, సిద్దిపేట దిక్కు నుంచి ఈ మధ్య కొత్తగ వచ్చినోళ్లు కూడ ఉన్నరు. తప్పు లేదు. ముసలి తల్లిని దవాఖానాకు తీస్కపోవాలన్నా, పెండ్లికి పిల్లలతోటి ఊరికి పోవాలన్నా ఒక బండి ఉంటే ఆసరానే.

నేను నాలుగో తరగతి దాకనే చదివిన. గిర్నీల పనిచేసి రిటైరైన. కారు నడపరాదు. కాని మరాఠీ వస్తది గనుక మన గల్లీవాళ్లకు తోడుగ ఆర్‌టీఓ ఆఫీసుకు ఎన్నిసార్లు పోయిన్నో లెక్క లేదు. అక్కడ చూసింది, పెద్ద సార్లను అడిగి తెలుసుకున్నది ఈ నెల రాస్తున్న.

మొదటి మాట. గిర్నీల తాను మీద ఎవరి ముద్ర ఉంటే మాల్ వాళ్లది. బండి కూడ అంతే. పైసలిచ్చినం, తాళంచెవి చేతికొచ్చింది అంటే బండి మనది కాలేదు. ఆర్‌సీ మీద మన పేరు ఎక్కిననాడే మనది.

మన పక్క గల్లీ పిలగాడొకడు పోయిన ఏడాది 1,10,000 పెట్టి హైదరాబాదుల పాత ఆల్టో తెచ్చిండు. అమ్మినాయన ఫారాల మీద సంతకాలు పెట్టిచ్చి, "పేరు ఎప్పుడన్న మార్చుకో తమ్మీ" అన్నడు. ఎనిమిది నెలలు అట్లనే నడిపిండు. ఒకనాడు పొద్దుగాల సైకిల్ మీద డ్యూటీకి పోయేటాయనకు కారు తగిలింది. పాపం ఆయనకు కాలు విరిగింది. పోలీసులు నంబరు చూసి కాయితం ఎవరికి పంపిన్రు? హైదరాబాదుల ఉన్న పాత యజమానికి. ఆయన ఫోన్‌లో తిట్లు. ఇన్సూరెన్సు పాలసీ నడుస్తనే ఉన్నది గనుక కాలు విరిగినాయనకు పరిహారం రావడానికి దారి దొరికింది. ఈ పిలగాని కారు ముందు భాగం చితికిపోయింది, దాని రిపేరుకు కంపెనీ పైస ఇయ్యనన్నది. పాలసీ ఇతని పేర లేదు. 38,000 అప్పుచేసి పెట్టుకున్నడు. ఇప్పుడు కోర్టు తారీఖులకు పనిదినాలు పోతున్నయి.

ఎందుకట్ల అయిందో అర్థం చేసుకోవాలె. ఇన్సూరెన్సుల రెండు భాగాలు ఉంటయి. ఒకటి థర్డ్ పార్టీ. అంటే మన బండి తగిలి బయటివాళ్లకు నష్టమైతే వాళ్లకిచ్చేది. ఇది లేకుండ బండి రోడ్డెక్కియ్యొద్దు. మొదటిసారి దొరికితే 2,000, మళ్లా దొరికితే 4,000 జుర్మానా, జైలు కూడ పడొచ్చు. రెండోది మన సొంత బండి నష్టానికి. బండి చేతులు మారితే థర్డ్ పార్టీ భాగం చట్టం ప్రకారం బండితోటే వస్తది. రెండోది రాదు. 14 రోజుల్లోపల కంపెనీకి అర్జీ పెట్టి పాలసీ మన పేరు మీదికి మార్పించుకోవాలె.

ఇంకో సంగతి ఇంట్లో ఆడవాళ్లు గట్టిగ గుర్తు పెట్టుకోవాలె. పాలసీల యజమానికి 15 లక్షల ప్రమాద బీమా ఉంటది. బండి నడిపే యజమాని చనిపోతే ఇంటివాళ్లకు వచ్చే పైసలు అవి. ఆర్‌సీ, పాలసీ ఇంకొకల పేర ఉంటే మనోడు యజమాని కిందికే రాడు. లైసెన్సు లేకున్నా రాదు. పేరు మార్చే ఖర్చుకు వెనకాడితే పోయేది ఇదీ.

"నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉన్నది, నీకే లాభం" అని అమ్మేటోడు చెప్తే నమ్మకండి. ఆ బోనస్ మనిషిది, బండిది కాదు. పాలసీ పేరు మారినప్పుడు ఆ తేడా మనమే కట్టాలె.

ఇప్పుడు కొనే వరుస చెప్త. తెలంగాణ బండి మహారాష్ట్రల 12 నెలలకు మించి ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలె. దానికి ముందుగాల అక్కడి ఆర్‌టీఏ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ కావాలె. అది ఫారం 28. చలాన్లు, టాక్సు బాకీ ఉంటే ఎన్‌ఓసీ రాదు. బండి మీద లోను ఉండెనంటే అది తీరినట్టు బ్యాంకు కాయితం, ఫారం 35 తీసుకోవాలె. పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30. ఇక్కడి నంబరుకు ఫారం 27, ఇక్కడి టాక్సు వేరే. బండి ధర, వయసు చూసి ఆ టాక్సు లెక్క కడ్తరు. కొన్న తారీఖు నుంచి 30 రోజుల్లోపల పేరు మార్పుకు అర్జీ పెట్టాలె. అక్కడ కట్టిన లైఫ్ టాక్సుల మిగిలిన భాగం వాపసు అడగొచ్చు, ఆ రసీదులు పారెయ్యకండి.

కొత్తగ వచ్చినోళ్లకు ఇక్కడ ఒక చిక్కున్నది. ఆధార్‌ల ఊరి అడ్రస్సే ఉంటే సోలాపూర్‌ల బండి పేరు మార్చుకునేటప్పుడు ఇబ్బంది కావొచ్చు. ముందు కిరాయి కాయితంతోటో, వేరే రుజువుతోటో ఇక్కడి అడ్రస్సు ఎక్కించుకోండి, తర్వాతనే బండి బేరం చెయ్యండి. "అన్నీ నేను చూస్కుంట" అనే ఏజెంటుకు ముందుగనే మొత్తం పైసలు ఇయ్యకండి. పని అయినంత వరకే ఇయ్యండి, రసీదు అడగండి.

బయానా ఇయ్యకముందే ఫోన్‌ల ఎంపరివాహన్‌ల నంబరు కొట్టి చూడండి. ఇన్సూరెన్సు ఎప్పటిదాక ఉన్నది, బండి ఎన్నేండ్లది, ఆర్‌సీ గడువు ఎంత అనేవి కనపడ్తయి. ఆర్‌సీ మీద ఉన్న ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు బండి మీది నంబర్లతోటి ఒక్కొక్క అక్షరం కలిపి చూడండి. 15 ఏండ్లకు దగ్గరపడ్డ బండి అగ్గువకు వస్తది, కాని ఆర్‌సీ మళ్లా చేయించే ఖర్చు మీద పడ్తది.

2020 అక్టోబరుల హైదరాబాదుల వానలకు ఎన్నో కార్లు నీళ్లల్ల మునిగినయి. నీళ్లల్ల మునిగిన బండిని కడిగి, తుడిచి అమ్మేటోళ్లు ఎక్కడైనా ఉంటరు. సీటు బెల్టు చివరిదాక గుంజి చూడండి, బురద మరక ఉంటే తెలుస్తది. కాళ్ల కింది చాప లేపి వాసన చూడండి. మీటరు 40,000 చూపిస్తున్నా పెడల్ రబ్బరు అరిగి నున్నగ ఉంటే మీటరు తిప్పిన్రని అనుమానించాలె. మనకు తెలిసిన మెకానిక్కును తోలుకపోవాలె, అమ్మేటోని మెకానిక్కును కాదు.

అమ్మేటోళ్లకు కూడ ఒక మాట. "పైసలు వచ్చినయి, నా పని అయిపోయింది" అనుకోకండి. 2018ల సుప్రీంకోర్టు చెప్పింది, చేతులు ఎన్ని మారినా ఆఫీసు రికార్డుల ఎవరి పేరుంటే ఆయనే యజమాని అని. ఇన్సూరెన్సు లేని బండి ఎవరినన్నా గుద్దితే పరిహారం ఆ పేరున్నాయన మెడకే. అమ్మిన తారీఖు, టైము రాసి ఇద్దరు సంతకాలు పెట్టుకోండి, కొన్నోని ఆధార్ నకలు తీసుకోండి, ఆర్‌టీఓకు మీరే తెలియజెయ్యండి. రాష్ట్రం లోపల అమ్మితే 14 రోజులు, వేరే రాష్ట్రానికి పోతే 45 రోజులు గడువు.

ఆఖరి లెక్క. చేతిల లక్ష ఉంటే లక్ష బండి చూడకండి, డెబ్భై, ఎనభై వేల బండి చూడండి. మిగిలింది టాక్సుకు, పేరు మార్పుకు, టైర్లకు, ఇన్సూరెన్సుకు. 2022 జూన్‌ల సర్కారు పెట్టిన రేటు ప్రకారం 1,000 సీసీ లోపల కారుకు ఏడాది థర్డ్ పార్టీ 2,094 రూపాయలు, ఆ పైన 1,500 సీసీ దాక 3,416, దాని మీద జీఎస్టీ వేరే. రోజు లెక్కన చూస్తే ఒక చాయ ఖర్చు. ఆ చాయ కోసం కక్కుర్తి పడకండి.

బేరం కుదిరినాక ఎవలకన్నా ఫారాలు నింపరాకుంటే ఆదివారం పొద్దుగాల మా ఇంటికి రండి. అద్దాలు పెట్టుకొని కూసుంట, ఇద్దరం కలిసి నింపుదాం.