శ్రీకాకుళపు చిన్న రేవులు

ఆంధ్రదేశమున మిక్కిలి పొడవైన సముద్రతీరము గల జిల్లా యేదియని యడిగినచో, చదువుకొన్నవారిలో పలువురు విశాఖపట్టణమనియో నెల్లూరనియో చెప్పుదురు. ఆ గౌరవము శ్రీకాకుళమునకు దక్కినది. 193 కిలోమీటర్ల తీరమది. అయినను తుపాను వచ్చిననాడు తప్ప ఆ తీరమునందలి యూళ్ల పేరులు పత్రికలకెక్కవు. హౌరా పోవు రైలులో కిటికీకడ కూర్చున్న ప్రయాణికునకు తిలారు, నౌపడ, పలాస, సోంపేట వరుసగా గనబడును గాని సముద్రము గనబడదు. చూడదలచినవాడు దిగవలెను, దిగి తూర్పునకు పోవలెను.

కళింగపట్టణమునకు పోవుడు. వంశధార కడలిలో కలియుచోట నున్న యీ యూరు నేడు దీపస్తంభమును, ఇసుకతిన్నెలును, వలలు బాగుచేసికొను మత్స్యకారులును గల చిన్న పల్లెపట్టణము. ఈ నదీముఖమునకు కొలది దూరములోనే దక్షిణపుటొడ్డున శాలిహుండము గుట్టపై బౌద్ధస్తూపములు కలవు. ఇంకను ఎగువకు పోయినచో గాంగరాజుల ముఖలింగము కలదు. ఏటివెంట బౌద్ధారామములును రాజధానులును వెలసినవనిన, ఆ యేటి మొగలో నున్న రేవు ఊరక యుండినదనుకొనుట తెలివితక్కువ. శాలిహుండమును 1919లో లోకమునకు ఎరుకపరచినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఆయన జీవితమంతయు ఖండించిన గ్రాంథికముననే ఆయనను ప్రశంసింపవలసివచ్చుట మా అదృష్టమో దురదృష్టమో పాఠకులే నిర్ణయింతురుగాక.

బారువ మహేంద్రతనయ మొగను ఉన్నది. కొబ్బరితోటలు దాటి యొడ్డునకు వచ్చినచో నిర్మలమైన యిసుక, దూరమున మహేంద్రగిరుల నీలిరేఖ. శీతకాలాంతమున సముద్రపు తాబేళ్లు గ్రుడ్లు పెట్టుటకు ఈ తీరమునకు వచ్చును. ఇదియు నొకనాటి ఓడరేవే.

ఈ రేవులు ఏల మూతపడినవి? ఓడలు ఒడ్డుకు చేరుటకు ఇక్కడ చాటైన లోతునీరు లేదు. ఓడ దూరమున లంగరువేసి నిలిచెడిది. కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టిన మసూలా పడవలు అలలను దాటి సరకు చేరవేసెడివి. మేకులు కొట్టిన పడవ అలల తాకిడికి పగులును; కుట్టిన పడవ వంగి నిలుచును. అట్టి నేర్పు గలవారికి 1890 తరువాతి దశాబ్దమున తీరమునకు ఎడముగా వేయబడిన రైలుమార్గము మొదటి దెబ్బ. 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి వేసిన చిన్నరైలు ఎగువదేశపు సరకును రైలుకట్టకే చేర్చినది. 1933లో విశాఖపట్టణపు హార్బరు తెరచుటతో మిగిలినదియు పోయినది. రైలును హార్బరును నిందించుట మా యుద్దేశము కాదు. అవి వచ్చినప్పుడు ఈ యూళ్ల జీవనోపాధి ఏమగునని అడిగినవాడొక్కడును లేకపోయెనని మాత్రమే మా బాధ.

దాని ఫలము నేడు కన్నులార చూడవచ్చును. తూర్పు సముద్రపుటొడ్డున పుట్టి సముద్రమెరిగిన యువకులు గుజరాతులోని వెరావలుకు పోయి పరుల పడవలలో కూలికి చేపలు పట్టుచున్నారు. ఇంటనున్న సముద్రమును విడిచి పరాయి సముద్రమునకు వలసపోవు వింత ఇది! 2018 నవంబరులో అట్లు పోయిన శ్రీకాకుళ విజయనగర మత్స్యకారులను పాకిస్థానువారు పట్టుకొనిరి. ఇరువదిమంది 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలై వచ్చిరి. ఏడాది దాటువరకు వారి యిండ్ల స్త్రీలు అధికారుల గుమ్మముల కెక్కి దిగిన మెట్లను లెక్కించువారు లేరు. వారి రాకకు సంతోషించి సభలు చేసితిమి. వారేల పోయిరని విచారించితిమా?

పెద్ద పనులు మాత్రము ఈ తీరమునకు వచ్చుచునేయున్నవి. 2010 జూలైలో సోంపేట బీలభూములలో విద్యుత్కేంద్రము వలదన్న రైతులపైనను, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపరలోను పోలీసుకాల్పులు జరిగి ప్రాణములు పోయినవి. 2023 ఏప్రిల్‌లో మూలపేటకడ పెద్ద ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. మూలపేట, విష్ణుచక్రము గ్రామస్థులు తమ యూళ్లను దానికై వదలవలసినవారు.

పెద్ద రేవు వచ్చిన పనులు పుట్టవా యని కొందరు మమ్ము ప్రశ్నింతురు. పుట్టును. బొగ్గు దించు యంత్రములకడ పని చేయుట వేరు, తన పడవ తాను నడుపుకొనుట వేరు. మొదటిదానికి చదువు, శిక్షణ కావలెను. అవి ఆ పల్లెల బిడ్డలకు ముందే యిచ్చినారా? రెండవదానికి కావలసినవి స్వల్పము: పడవలు నిలుచుటకు చిన్న జెట్టీలు, ఏటి మొగలలో మేటవేసిన యిసుకను తీయించుట, చేప చెడకుండ నిలుపుటకు మంచుగడ్డల కర్మాగారములు. వేలకోట్ల మాట నోట నున్న ప్రభుత్వములకు ఈ స్వల్పములు కంటికానవు.

విహారయాత్రలను ప్రోత్సహింతుమని కూడ అప్పుడప్పుడు ప్రకటనలు వెలువడును. తీరమున హోటలు కట్టి కంచె వేయుట విహారము కాదు. మన కళాశాలల విద్యార్థులు మాఘమాసమున నౌపడలో దిగి ఉప్పుమళ్లను చూచి, తేలినీలాపురమునకు వచ్చు పక్షులను చూచి, భావనపాడు మీదుగ పల్లెపల్లెకు నడచి, రాత్రి మత్స్యకారుల అరుగులమీద పండుకొని వారి మాటలు వినినచో అదియే విహారము, అదియే విద్య. ఉప్పుకై 1930లో దేశమంతయు జైలుకు పోయినది; ఆ మళ్లలో కాళ్లు పుండ్లుపడు కూలివాని దినవేతనమెంతయో ఆ పిల్లలు అడిగి వ్రాసికొని రావలెను. మూలపేట రేవులో పల్లెవారికి ఎన్ని యుద్యోగములు, ఏ మెట్టున దొరకినవో ఏటేట శాసనసభలో అడుగు బాధ్యత ఆ జిల్లా సభ్యులది.