బానెట్ ఎత్తని ఇంజినీరు

బీటెక్ మెకానికల్ ఫైనలియర్‌లో ఉన్నప్పటి మాట. మే నెల, మధ్యాహ్నం రెండు దాటింది. నాయిన, నేను మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు వస్తున్నాం. బీజాపూర్ రోడ్డు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రెండు పక్కలా పెద్ద పెద్ద మర్రిచెట్లు, మధ్యలో ఇరుకు రోడ్డు, పక్కకు ఆపుదామంటే జాగా దొరకదు. మాది సెకండ్ హ్యాండ్ కారు. ముందు ఏసీలోంచి వేడిగాలి రావడం మొదలైంది. కాసేపటికి ఎర్రలైటు వెలిగింది. ఎట్లాగో ఒక చెట్టు కిందికి లాగి ఆపాను. బానెట్ ఎత్తితే ఆవిరి. చేతికి రుమాలు చుట్టుకుని రేడియేటర్ మూత తిప్పబోయాను.

‘తమ్మీ, చెయ్యి తియ్! కాలుతది!’ అని వెనక నుంచి కేక. టమాటా ట్రేలు వేసుకుని మార్కెట్‌కు పోతున్న ట్రాలీ ఆటో డ్రైవర్. బండి ఆపి దిగి, నన్ను పక్కకు జరిపాడు. ఇంజిన్ చల్లారేదాకా ముట్టుకోనియ్యలేదు. తర్వాత ఒక ప్లాస్టిక్ డబ్బా చూపించి ‘దీంట్ల కూలెంట్ చూసి ఎన్ని రోజులైంది?’ అని అడిగాడు. నాయిన నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. ‘ఏం చదువుతున్నవ్?’ అన్నాడు. ‘మెకానికల్ ఇంజినీరింగ్’ అన్నాను. ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

హెడ్ గాస్కెట్ పోయింది. హెడ్ వంగింది. లేతుకు పంపి ఫేసింగ్ చేయించాల్సి వచ్చింది. ఆ బిల్లు నా కాలేజీ బస్సు ఫీజు కంటే ఎక్కువ. మిగిలిన సెమిస్టరంతా ఆర్టీసీ పాస్ మీద, ఫుట్‌బోర్డు మీద నడిచింది. ఇంజిన్ ఉష్ణ సామర్థ్యం ఫార్ములా అడిగితే నిద్రలో లేపినా చెప్పేవాణ్ని. కూలెంట్ డబ్బా మీద రెండు గీతలుంటాయని మాత్రం తెలీదు.

ఇప్పుడు నేను ఇంటర్వ్యూ బల్లకు అటువైపు కూర్చుంటున్నాను. అజీజ్‌నగర్, చిలుకూరు, మొయినాబాద్ చుట్టుపక్కల కాలేజీల నుంచి వచ్చే పిల్లల్ని చూస్తుంటే నాకు నేనే కనిపిస్తాను. మార్కులు బాగుంటాయి. సాఫ్ట్‌వేర్ టూల్ సర్టిఫికెట్లు నాలుగైదు ఉంటాయి. ‘మీ ఇంట్లో గానీ, పక్కింట్లో గానీ ఉన్న కారు ఆయిల్ ఎప్పుడైనా చూశారా?’ అని అడిగితే మాత్రం ముఖముఖాలు చూసుకుంటారు. చిలుకూరు బాలాజీ దగ్గర 11 ప్రదక్షిణలు చేసొస్తారు గానీ, వాళ్లను గుడికి మోసుకొచ్చిన బండి చుట్టూ ఒక్కసారి తిరగరు.

నేననేది ఒకటే. ఉద్యోగం వెతుక్కునే విద్యార్థికి ఆదివారం పొద్దున పది నిమిషాలు బానెట్ కింద గడపడం కంటే చౌకైన ట్రైనింగ్ లేదు. మెకానికల్ వాళ్లకే కాదు, ఎవరికైనా. దీనికి అడ్డు మన ఇళ్లలోనే ఉంది. ‘ఇంజినీరు చదివే పిల్లగాడు మసి పూసుకునుడేంది, మెకానిక్ చూసుకుంటడు’ అంటారు. నాయిన కూడా అట్లాగే అన్నాడు, ఆ బిల్లు వచ్చేదాకా. చేతికి నూనె అంటితే పరువు పోతుందనుకునే చదువు మీద నాకు పెద్ద గౌరవం లేదు.

ఇంకో వాదన కూడా వింటుంటాను. ఇప్పటి కార్లలో సెన్సర్లు ఉన్నాయి, ఏదైనా తేడా వస్తే లైటు వెలుగుతుంది కదా అని. ఇక్కడే చాలామంది మోసపోతారు. డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే నూనె కుప్పె బొమ్మ ఆయిల్ మట్టం చెప్పదు. చాలా కార్లలో అది ఆయిల్ ప్రెషర్ లైటు. అది వెలిగిందంటే బేరింగులకు నూనె సరిగా అందడం లేదని అర్థం. అప్పుడు చేయాల్సిన పని ఒకటే, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపెయ్యడం. ‘చేవెళ్ల దాకా పోయి చూపిద్దాం’ అనుకుంటే ఇంజిన్ సీజ్ అవుతుంది. టెంపరేచర్ సంగతీ అంతే. చాలా చిన్న కార్లలో ముల్లు లేదు, లైటు మాత్రమే ఉంది. పైగా కూలెంట్ మొత్తం పోయిందనుకోండి, సెన్సర్ చుట్టూ ద్రవమే ఉండదు కాబట్టి అది చూపించే లెక్క కూడా తప్పొచ్చు. లైటు చివరి హెచ్చరిక. దానికంటే ముందు చూడాల్సింది కళ్లు.

ఆయిల్ చూడటం నిజానికి చాలా సులువు. బండి చదునైన చోట ఉండాలి. పొద్దున స్టార్ట్ చేయక ముందు చూస్తే మేలు, నూనె అంతా కిందికి దిగి ఉంటుంది. కొన్ని కంపెనీలు ఇంజిన్ వేడెక్కాక ఆపి, కొన్ని నిమిషాలాగి చూడమంటాయి. మీ బండి మాన్యువల్ ఏం చెబితే అది. గేజ్ లాగి, పోగులు రాలని గుడ్డతో తుడిచి, పూర్తిగా లోపలికి నెట్టి, మళ్లీ లాగాలి. మొదటిసారి లాగినప్పుడు కనిపించేది లెక్కలోకి రాదు. కింది గీతకూ పై గీతకూ మధ్య ఉంటే చాలు. తక్కువుంటే మాన్యువల్‌లో రాసిన గ్రేడే కొంచెం కొంచెంగా పొయ్యాలి, మధ్యమధ్యలో ఆగి చూసుకోవాలి. 5డబ్ల్యూ-30 అని డబ్బా మీద ఉంటుందే, ఆ డబ్ల్యూ అంటే వింటర్. చలిలో నూనె ఎంత తేలిగ్గా పారుతుందో ముందు అంకె చెబుతుంది. వేడెక్కాక ఎంత చిక్కగా ఉంటుందో వెనక అంకె చెబుతుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రశ్నకే తడబడిన వాళ్లను లెక్కలేనంత మందిని చూశాను.

ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకండి. పై గీత దాటితే క్రాంక్ షాఫ్ట్ నూనెను చిలికి నురగ చేస్తుంది. నురగతో ఇంజిన్‌కు రక్షణ ఉండదు. మనం పొయ్యకుండానే మట్టం పెరుగుతుంటే అది ఇంకా అనుమానించాల్సిన సంగతి. బీఎస్-6 డీజిల్ బండ్లు ఊళ్లోనే చిన్న చిన్న ట్రిప్పులు తిరుగుతుంటే, ఫిల్టర్ శుభ్రం చేసుకోవడానికి చల్లే డీజిల్ కొంత నూనెలో కలిసిపోతుంది.

రంగు చూసి కంగారు పడేవాళ్లూ ఉన్నారు. డీజిల్ ఇంజిన్‌లో కొత్త నూనె కొద్ది రోజులకే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకుంటోంది, దాని పని అదే. భయపడాల్సింది పాలు కలిపిన కాఫీ రంగు కనిపిస్తే. నూనెలో కూలెంట్ కలుస్తోందని గుర్తు. మా బండికి ఆ రోజు గేజ్ తీస్తే అదే రంగు.

కూలెంట్ దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయొద్దు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపల ప్రెషర్ కుక్కర్ లెక్క. ప్రెషర్ ఉన్నంతసేపు లోపలి నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తీసిన క్షణంలో మరిగి ముఖం మీదికి చిమ్ముతాయి. చల్లారాక పక్కనుండే డబ్బా మీద గీతలు చూస్తే సరిపోతుంది, మూత తీయాల్సిన పనే లేదు. తగ్గితే బోరు నీళ్లు పొయ్యడం మన దగ్గర అలవాటు. మా నాయిన చేసిందీ అదే. బకెట్ అంచుకు, గీజర్ కాయిల్‌కు తెల్లగా పేరుకునే సున్నమే రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పేరుకుంటుంది. తుప్పును ఆపే మందు బోరు నీళ్లలో ఉండదు. రెడీమేడ్ కూలెంట్ గానీ, డిస్టిల్డ్ వాటర్‌తో కలిపింది గానీ వాడాలి. అది తియ్యగా ఉండే విషం. కింద ఒలికితే కుక్కలు నాకుతాయి, వెంటనే కడిగెయ్యాలి. నెలనెలా తగ్గుతూ ఉంటే పోస్తూ పోవడం కాదు, ఎక్కడ కారుతోందో వెతకాలి.

బ్రేక్ ఆయిల్ విషయంలో ఇంట్లో చూడటం వరకే, చెయ్యి పెట్టడం వద్దు. మట్టం మెల్లగా దిగుతోందంటే బ్రేక్ ప్యాడ్లు అరుగుతున్నాయని అర్థం కావచ్చు. పైన నింపేసి ఊరుకుంటే ఆ సూచన కనబడకుండా పోతుంది. ఒక్కసారిగా దిగితే లీకు, ఇక ఆ బండి నడపొద్దు. ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టాక ఆ హామీ 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించమంటారు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఇంట్లో ఆయిల్ మార్చేంత ఉత్సాహం వస్తే, పాత నూనె మోరీలో పొయ్యకండి. మొయినాబాద్ వాన నీళ్లు పోయేది గండిపేట, హిమాయత్ సాగర్‌లకు. 1920ల నుంచి నగరం తాగుతున్న నీళ్లవి. వాటి కోసమే 1996లో 84 గ్రామాలకు 111 జీవో తెచ్చారు. జీవో మీద ఎన్ని వాదనలైనా ఉండొచ్చు గానీ, డబ్బాలో పట్టి గ్యారేజీలో ఇవ్వడానికి ఏ వాదనా అడ్డు కాదు.

ఇదంతా ఉద్యోగానికి ఎట్లా పనికొస్తుందంటారా? నా మొదటి ఇంటర్వ్యూలో అడిగిన ప్రశ్న ఇది: ‘కారు ట్రాఫిక్‌లో వేడెక్కుతోంది, హైవే మీద బాగుంది. ముందు ఏం చూస్తావ్?’ పుస్తకంలో ఇట్లాంటి ప్రశ్న లేదు. కానీ ఆ మే నెల తర్వాత నేను వారం వారం బానెట్ ఎత్తేవాణ్ని, ఏది ఎప్పుడు తిరుగుతుందో చూసేవాణ్ని. రేడియేటర్ ఫ్యాన్ అన్నాను. హైవే మీద గాలి దానంతటదే కొడుతుంది, ట్రాఫిక్‌లో ఫ్యాన్ తిరక్కపోతే గాలి లేదు. రెండో ప్రశ్న అడగలేదు.

ఆయిల్ గేజ్ తీయడం వచ్చినంత మాత్రాన ఉద్యోగం వస్తుందని నేను చెప్పను. అయితే సర్వీస్ అడ్వైజర్, పాత కార్లు కొనే కంపెనీల్లో తనిఖీ చేసే ఉద్యోగి, మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్, వీళ్లంతా బతికేది బండిని చూసి చెప్పడం మీదే. 2022లో తెలంగాణలో 113 అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చినప్పుడు మా బ్యాచ్‌వాళ్లు ఎంతమంది పుస్తకాల మీద పడ్డారో చూశాను. ఆటోమొబైల్ పేపర్ చదువుతుంటే బొమ్మ కళ్ల ముందు కనబడేవాడికీ, బట్టీ పట్టేవాడికీ తేడా ఉంటుంది. ప్రైవేటులో మొదటి జీతం చూస్తే నిరాశగానే ఉంటుంది, అది దాచను. ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తున్నారు కదా, అక్కణ్నుంచి చేతిపని తెలిసిన పిల్లలు వస్తారు. డిగ్రీ ఉందని వాళ్లకంటే ముందు సీటు మనకు ఎవరూ వెయ్యరు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక ఇదంతా దేనికి అని మొన్న ఒక అబ్బాయి అడిగాడు. ఇంజిన్ ఆయిల్ ఉండదు, నిజమే. బ్రేక్ ఆయిల్ ఉంటుంది. చాలా మోడళ్లలో బ్యాటరీని చల్లబరిచే కూలెంట్ ఉంటుంది. నారింజ రంగు వైర్లు మాత్రం ముట్టుకోవద్దు, అవి హై ఓల్టేజ్.

కారు లేనివాళ్లు పక్కింటి క్యాబ్ డ్రైవర్ అన్నను అడగండి, ఎవరూ కాదనరు. 40 పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. తేదీ, కిలోమీటర్లు, ఆయిల్ ఎక్కడుంది, కూలెంట్ ఎక్కడుంది, టైర్లలో గాలి ఎంత, అంతే. మూణ్నెల్లు రాస్తే బండి గురించి మీకు తెలిసింది దాని ఓనరుకు కూడా తెలియదు. రెజ్యూమెలో ‘హాబీలు: పాటలు వినడం’ అన్న లైను తీసేసి ఈ నోటుబుక్కు సంగతి రాయండి. నేనైతే ముందు దాని గురించే అడుగుతాను.

మా ఇంట్లో ఇప్పుడా నోటుబుక్కు చెల్లె దగ్గర ఉంది. తను సీఎస్ఈ మూడో ఏడు. మొన్న ఆదివారం ఫోన్ చేసింది. ‘అన్నా, ఆయిల్ పోయిన నెల కంటే కొంచెం దిగింది. కింద మరక ఏం లేదు. కూలెంట్ అట్లనే ఉంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రం కొంచెం నీలం పొగ వస్తుంది, తర్వాత పోతుంది.’

వాల్వ్ సీల్స్ అయి ఉండొచ్చన్నాను. ‘నేనూ అదే అనుకున్నా’ అంది. శనివారం నాయినతో కలిసి చేవెళ్లలో మెకానిక్‌కు చూపిస్తుందట. నోటుబుక్కు వెంట తీసుకుపోతోంది.