కనుమ అంటే దారి

“ఆ ఊరికి దారి లేదండీ!”

అరకు వైపు వెళ్లివచ్చిన వారెవరిని కదిపినా ఈ మాటే వినబడుతుంది. పత్రికలూ అదే వ్రాస్తాయి, కార్యాలయాల కాగితాలూ అదే అంటాయి. ఈ మాటతో నాకు చాలాకాలంగా పేచీ ఉంది. దారి లేని ఊరినుండి అల్లం, పసుపు, వలిసెలు కావళ్లలో సంతకెలా దిగుతున్నాయి? దారి లేని ఊరి పిల్లలు బడికెలా వస్తున్నారు? ఆ ఊరికి లేనిది తారురోడ్డు. దారి ఉన్నది. ఉన్నదానిని లేదనడం తెలియకపోవడం వల్లనైతే క్షమించవచ్చు. ఆ తెలియనితనం మీదనే పటాలు గీసి, బోర్డులు పాతి, పర్యాటకులను కొండమీదికి తోలుతుంటే మాత్రం ఊరుకోరాదు. ఈ టపా అందుకే.

ముందు మాట సంగతి చూద్దాం. తెలుగు పంతులుకు అది తప్పని అలవాటు. మన భాషలో నడకకు సంబంధించిన మాటలకు కొదవ లేదు. దారి, త్రోవ, బాట, తెరువు, తెన్ను, డొంక, పుంత – దేని అర్థచ్ఛాయ దానిదే. తెరువున పోయేవాడు తెరువరి. కూడు సంపాదించుకొనే మార్గాన్ని కూడా బతుకుతెరువు అనే అన్నారు మన పెద్దలు. ఇక ఈ పర్వతపంక్తికి మనం పెట్టుకొన్న పేరు తూర్పు కనుమలు. కనుమ అంటే శిఖరం కాదు, రెండు కొండల నడుమ మనిషీ పశువూ దాటగలిగిన సందు. ఎత్తును చూసి కాక, దాటే చోటును చూసి ఈ కొండలకు పేరు పెట్టుకొన్న జాతి మనది. అటువంటి కొండలలో దారి లేదనడం తెలుగువాడి నోట రాదగిన మాట కాదు.

చరిత్ర చెప్పేదీ ఇదే. అరకుకు నైరుతి దిక్కున, ఇవే కొండల వరుసలో ఉన్న గూడెం ప్రాంతంలో, నర్సీపట్నంనుండి లంబసింగి మీదుగా వేసే రోడ్డు పనికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులను చాలీచాలని కూలికి బలవంతాన తోలాడు. 1882 నాటి మద్రాసు అటవీచట్టం వల్ల పోడుకూ అడవికీ అప్పటికే దూరమైనవారు వారు. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922నుండి 1924 వరకు సాగిన తిరుగుబాటుకు ఆ రోడ్డు పని రగిల్చిన కడుపుమంట ఒక ముఖ్యకారణం. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటర్ అనే ఇద్దరు అధికారులు మన్యం వీరుల మాటుదాడిలో ప్రాణాలు కోల్పోయారు. ఆయుధబలం సర్కారుది, త్రోవల ఎరుక కొండవారిది. రోడ్డు వేయించినవారి పేరు కాగితాలకెక్కింది. త్రోవ తెలిసినవారి పేర్లు ఎక్కడా ఎక్కలేదు.

ఈ ఎక్కకపోవడం ఎంతవరకు పోయిందో బొర్రా గుహల కథ చూడండి. 1807లో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ వాటిని కనుగొన్నాడని కరపత్రాలన్నీ చిలకపలుకులు పలుకుతాయి. ఆ సంస్థ ఏర్పడినదే 1851లో! పుట్టని సంస్థకు ఉద్యోగి ఎక్కడినుండి వచ్చాడని అడిగినవాడు లేడు. తప్పిపోయిన ఆవును వెదుక్కొంటూ గుహలోకి దిగిన పశులకాపరి కథను మాత్రం అదే కరపత్రం “స్థానికుల నమ్మకం” అని ఒక మూలకు తోసివేస్తుంది. కథలో నిజమెంతో అలా ఉంచండి. ఏ దొరయినా ఆ గుహ ముందుకు రావాలంటే, ఎవరో ఒక కొండమనిషి ముందు నడిచి త్రోవ చూపవలసిందే కదా!

ఇప్పటి సంగతికి వస్తాను. విశాఖపట్నంనుండి యువకులు గేర్ల సైకిళ్లు వేసుకొని అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ వైపు వస్తున్నారు. తారురోడ్డు విడిచి మట్టిత్రోవలు పట్టాలని వారి కోరిక. మంచిదే. కారులో వచ్చి, చాపరాయి దగ్గర ఫొటో దిగి, వెదురుకోడి తిని పోయేవారికంటె వీరు వేయిరెట్లు నయం. అయితే వీరికి త్రోవ చెప్పేది చేతిలోని ఫోను. ఫోనులోని నీలిగీతకు ఎత్తుపల్లాలు పట్టవు. వానాకాలంలో గెడ్డ పొంగుతుందని తెలియదు. కొండ మలుపు తిరిగితే సిగ్నలే ఉండదు. సర్వే ఆఫ్ ఇండియావారి పాతపటం ఇంతకంటె మేలు. 1:50,000 కొలతలో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. సమోన్నతరేఖలు ఒత్తుగా ఉన్నచోట ఏటవాలు ఎక్కువని, దూరంగా ఉన్నచోట నేల చదునని చూడగానే తెలుస్తుంది. కాలిబాటలను చుక్కలగీతలుగానైనా అది గుర్తించింది. ఆ పటం చదవడం ఒక పూటలో వచ్చే విద్య.

అయినా పటం సగమే. మిగిలిన సగం కొండమీద ఉన్నది. ఏజెన్సీ బడిలో నేను తెలుగు చెప్పిన సంవత్సరాలలో ఆ సగాన్ని నాకు మా పిల్లలు నేర్పారు. పశువులు నడిచిన దారి పాయలు పాయలుగా చీలి మేతలో కలిసిపోతుంది. మనుషుల దారి సన్నగా, ఒంటిగీతగా సాగి నీటికో ఊరికో చేరుతుంది. గెడ్డను ఎక్కడ దాటాలో తెలియకపోతే అరిగి నున్ననైన రాళ్లు ఎక్కడున్నాయో చూడాలి. తరతరాల పాదాలు చేసిన గుర్తు అది. సిల్వర్‌ఓక్ నీడలో కాఫీ తోటల మధ్య ఉండే బాటలన్నీ ఒక్కలాగే కనబడతాయి. అవి గింజలు కోసేవారి బాటలు, ఎక్కువభాగం తోటలోనే ఆగిపోతాయి. నవంబరునుండి కోతలు సాగే రోజులలో వాటిలోకి సైకిలు తోలడం ఒకరి కళ్లంలో గుర్రం తోలడం వంటిది. పోడు మారితే త్రోవ మారుతుంది. పొద్దున మంచు కమ్మితే ఎండ పొడిచేదాకా ఆగడమే మార్గం. ఇవన్నీ తెలియకపోయినా సంతరోజున కావళ్ల వెంట నడిచినవాడు తప్పిపోడు.

పేర్ల సంగతి మరీ బాధాకరం. కొండపేర్లు ఊరికే పెట్టినవి కావు, అవి త్రోవచెప్పే మాటలు. గాలికొండ అంటే అక్కడ గాలి ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? చాపరాయి అని తెలుగులో చదివితే చాపలా పరచుకొన్న రాతిమీద నీరు జారుతున్నదని మనసుకు తడుతుంది, అడుగు దానంతట అదే జాగ్రత్తపడుతుంది. అదే పేరును ఆంగ్లలిపిలో చదివిన కుర్రవాడు “చపరై” అంటాడు. జారుడూ పోయింది, జాగ్రత్తా పోయింది. గెడ్డ, మెట్ట, వలస, గుడ, పుట్టు – ఊరిపేరు చివరనున్న మాట నేల తీరునో ఆ ఊరు వెలసిన తీరునో చెబుతుంది. వీటిలో కొన్ని తెలుగు, కొన్ని ఆదివాసీ ఒడియా, కొన్ని కువి. నేను పనిచేసిన ప్రాంతంలో ఒక ఊరి పేరు ఒక కార్యాలయంవారి బోర్డుమీద గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. ఆ ఊరివారే నా దగ్గరకు వచ్చి, “ఇది ఏ ఊరు పంతులుగారూ?” అని అడిగారు. దిద్దమని అర్జీ వ్రాసి ఇచ్చాను. బోర్డు తుప్పు పట్టింది గాని పేరు మారలేదు.

అసలు బాధ ఇంతకంటె పెద్దది. ఏ బాటమీద సైకిలువారు సరదాకు వస్తున్నారో అదే బాటమీద నిండుచూలాలిని డోలీలో మోసుకొస్తారు. 2018లో ఏజెన్సీలో ఫీడర్ అంబులెన్సు అనే మోటారుసైకిలు వాహనాలు ప్రవేశపెట్టారు. అవీ ఈ సన్నబాటల మీదనే నడవాలి. బాట పటంలో లేకపోతే, పేరు ఒకచోట ఒకలాగా ఇంకొకచోట ఇంకొకలాగా ఉంటే, సాయం ఎక్కడికని వస్తుంది? జలపాతానికి రంగురంగుల బాణం వేయడానికి డబ్బు దొరుకుతుంది, ఆ జలపాతం పైనున్న ఊరివారు దాటే గెడ్డమీద నాలుగు పలకల కాలివంతెన వేయడానికి దొరకదు. కాలివంతెన వేస్తే డోలీ దాటుతుంది, బడిపిల్ల దాటుతుంది, సైకిలువాడూ దాటుతాడు. బాణం వేస్తే ఫొటో దిగేవాడు మాత్రమే దాటుతాడు. ఏది ముందో చెప్పడానికి పెద్ద చదువు కావాలా?

“పంతులుగారు రోడ్డు వద్దంటున్నారు” అని వ్యాఖ్య వ్రాయడానికి తొందరపడకండి. రోడ్డు వద్దని డోలీని ఒక్కసారి చూసినవాడెవడూ అనడు. అటవీహక్కుల చట్టం, 2006లోని 3(2) సెక్షను, గ్రామసభ సిఫారసు మీద, ఒక్కొక్క పనికి హెక్టారుకు లోబడిన అటవీభూమిలో, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా రోడ్డు వేసుకోవడానికి వీలు కల్పించింది. వేయండి, త్వరగా వేయండి. కాని రోడ్డు పడిన తరువాత కూడా నీటిఊటకు, పోడుకు, పక్కఊరి చుట్టరికానికి కాలిబాటే గతి. ఘాట్‌రోడ్డు మెలికలు తిరిగి ఎక్కేచోట అడ్డదారి తిన్నగా ఎక్కుతుంది. రోడ్డు వస్తే బాట చచ్చిందనుకోవడం, పట్టణంలో పెరిగిన ఆలోచన.

మరికొందరి వాదం ఇది: “గుర్తులు పెడితే జనం ఎగబడతారు, ప్లాస్టిక్ సీసాలతో ఊళ్లు పాడవుతాయి, చెప్పకుండా వదిలేయడమే మేలు.” ఈ భయం ఉత్తుత్తిది కాదు. కాని చెప్పకుండా వదిలేస్తే జనం రావడం ఆగిందా? నీలిగీత పట్టుకొని వచ్చి, ఊరిదేవత రాళ్ల పక్కగా సైకిళ్లు తోలి, చీకటిపడ్డాక దారితప్పి అదే ఊరి తలుపు తడుతున్నారు. దివిటీ పట్టుకొని వారిని రోడ్డెక్కించే మనిషికి దక్కేది ఒక చేయి ఊపు. కనుక ఏ బాట పరాయివారికి తెరవాలో, ఏది తమకే ఉంచుకోవాలో ఆ ఊరి గ్రామసభే తేల్చాలి. షెడ్యూల్డు ప్రాంతాలలో గ్రామసభ మాటకు విలువనిచ్చే పెసా చట్టం 1996లోనే వచ్చింది. తెరిచిన బాటకు ఊరివారు పిలిచే పేరే పెట్టాలి, తెలుగు లిపిలో ముందు వ్రాయాలి. త్రోవ చూపే ఊరి యువకుడికి అది కూలిగా కాక విద్యగా లెక్కగట్టి డబ్బివ్వాలి. సైకిలువారికి నా మాట ఒక్కటే: ఊరు ముందు దిగి నడవండి, అడిగి ముందుకు సాగండి.

బ్లాగ్మిత్రులకు ఇందులో పని లేదనుకొంటున్నారేమో, ఉన్నది. తెరమీద తెలుగు అక్షరం కనబడాలని ఒకప్పుడు పట్టుబట్టి సాధించినవాళ్లం మనం. 2004లో మొదలైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఎవరైనా ఊరిపేరును తెలుగులో చేర్చవచ్చు, కాలిబాటను గీయవచ్చు. అయితే హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చొని ఉపగ్రహచిత్రం చూసి ఊహించి గీయడం కాదు నేను అడిగేది. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషకు వ్యాకరణం వ్రాసి 1931లో అచ్చువేయించే ముందు ఏం చేశారు? సవరలవద్ద సవర నేర్చుకొన్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన చిత్రపటానికి దండ వేసే మనం, ఆయన కూర్చున్నట్లుగా కొండవారి ఎదుట శిష్యులుగా కూర్చోవద్దా?

ఈసారి అరకు వెళ్లినప్పుడు గుహలతో, కాఫీతో సరిపెట్టుకోకండి. ఒక పూట సంతలో గడపండి. ఒక్క ఊరివారిని పలకరించి, వారి ఊరిపేరు వారి నోట విని, విన్నది విన్నట్టు వ్రాసుకొని, చేర్చవచ్చునా అని అడిగి, ఒప్పుకొంటే చేర్చండి. ఒక్కరు ఒక్క ఊరు చాలు. ఎవరు ఏ ఊరు తీసుకొంటారో క్రింద వ్యాఖ్యలలో తెలుపగలరు. పేర్ల ఉచ్చారణ దగ్గర సందేహం వస్తే నా పాత శిష్యులు అక్కడున్నారు, వారిని అడిగి చెబుతాను.