తప్పు చెప్పినవాళ్ల పక్షాన నిలబడ్డ పెద్దాయన

మనం వేసవి సెలవుల్లో ఉండగా, 2024 జూన్ 7న, అమెరికాలో ఒక పెద్దాయన టీవీ నుంచి సెలవు తీసుకున్నారు. పేరు పాట్ సేజాక్. అప్పటికి వయసు 77. 'వీల్ ఆఫ్ ఫార్చ్యూన్' అనే ఆటను 1981 డిసెంబరు నుంచి నడిపారు. సాయంత్రం పూట వచ్చే కార్యక్రమమే 41 సీజన్లు నడిచింది. చెన్నైలో తెలుగు చదివే అమ్మాయికి ఆయనతో ఏం పని అంటారా? మా అవ్వ వల్ల పని పడింది.

2017 చలికాలంలో చిన్నమ్మ కాన్పుకని అవ్వ న్యూజెర్సీ వెళ్లి ఆరు నెలలు ఉంది. బయట మంచు, ఇంట్లో పసిబిడ్డ, పగలంతా పలకరించే మనిషి లేదు. సాయంత్రం ఏడున్నరకి ఈ ఆట వచ్చేది. అవ్వ ఐదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆటేమో అక్షరాలదే! బోర్డు మీద ఖాళీ గళ్లుంటాయి. చక్రం తిప్పి ఒక హల్లు చెప్పాలి. అది ఎన్ని గళ్లలో ఉంటే అన్ని రెట్లు డబ్బు. అచ్చు కావాలంటే 250 డాలర్లు పెట్టి కొనుక్కోవాలి. "ఈ దేశంలో అచ్చులు కూడా కొనుక్కోవాల్నా!" అని అవ్వ ఫోన్లో ఒకటే నవ్వు. చెప్పిన అక్షరం గడి వెలుగుతుంది, వానా వైట్ ముట్టుకోగానే తెరుచుకుంటుంది. అలా వింటూ, చూస్తూ, తిరిగొచ్చేసరికి అవ్వకి ఇరవయ్యారు పెద్దక్షరాలూ వచ్చేశాయి. ఇవాళ తన బీపీ మాత్రల అట్ట మీది పేరు తనే కూడబలుక్కుని చదువుకుంటుంది.

అప్పట్నుంచి ఇద్దరం నా ఫోన్లో ఆ ఆట ముక్కలు చూస్తాం. అలా నేనూ అభిమానినయ్యాను. కానీ ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఇంకో సంగతి వల్ల.

2022 మార్చి 1న ముగ్గురు పోటీదారులు ఒక జాతీయం దగ్గర ఇరుక్కుపోయారు. టోపీలో ఇంకో ఈక అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట అది. మన 'కీర్తి కిరీటంలో కలికితురాయి' లాంటిది. కొన్ని అక్షరాలే మిగిలాయి, అయినా ఒకరి తర్వాత ఒకరు తప్పే చెప్పారు. సోషల్ మీడియాలో జనం వాళ్లను ఏకి పారేశారు. సేజాక్ ఊరుకోలేదు. మర్నాడే వాళ్ల తరఫున రాశారు. మొదట చెప్పిన తప్పు జవాబు కూడా చాలామంది వాడే మాటేననీ, ఇంట్లో కూర్చుని చెప్పడం తేలికేననీ, మంచివాళ్లు ఇబ్బందిలో పడితే అలా ఆడిపోసుకోవద్దనీ ఆయన మాటల సారాంశం. ఆయనేం సాధువు కాదు. తనే పోటీదారులను ఆటపట్టించి మాటలు పడ్డ సందర్భాలూ ఉన్నాయి. కానీ ఆ రోజు నిలబడాల్సిన పక్క నిలబడ్డారు.

ఇది నాకెందుకు తగిలిందో చెప్తాను. మా నాన్నది తమిళం, అమ్మది తెలుగు. బడిలో నేను చదివింది తమిళం. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. తెలుగు రాత అవ్వ దగ్గర కొంచెం, ఇక్కడికొచ్చాక మిగతాది నేర్చుకున్నాను. పోయిన ఏడాది క్లాసులో లేచి చదువుతూ 'ఘనత'ను 'కనద' అన్నాను. అందరూ నవ్వారు. రెండు నెలలు చివరి బెంచీలోనే ఉన్నాను, చదవమంటే గొంతు బాగాలేదనేదాన్ని.

సరదాకి నవ్వాం కదా, దానికింత రాద్ధాంతమా అనొచ్చు. నవ్వొద్దని నేననను. అవ్వా నేనూ ఆ ఆట చూసి పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లమే. కానీ నవ్వాక ఆ మనిషికి మళ్లీ ప్రయత్నించే చోటు మిగలాలి. మన టీవీల్లో, తమిళమైనా తెలుగైనా, తప్పు జవాబు రాగానే ఒక వెటకారం సౌండు వేస్తారు. మనమూ అదే నేర్చుకుంటున్నాం. గెలిచినవాళ్లకు చెక్కు ఎవరైనా ఇవ్వగలరు. ఓడినవాళ్లను పరువుతో ఇంటికి పంపడమే ఆట నడిపేవాళ్ల అసలు పని అని నా అభిప్రాయం.

సేజాక్ మానేస్తున్నట్టు ఏడాది ముందే, 2023 జూన్‌లో, చెప్పారు. ఆ అరగంటను ఇంటిల్లిపాదీ హాయిగా చూసేలా ఉంచడం తన బాధ్యతగా భావించానని చివరి రోజు చెప్పారు. 2024 సెప్టెంబరులో ఆ చోటికి ర్యాన్ సీక్రెస్ట్ వచ్చారు. ఈ కబురు చెప్తే అవ్వ, "పాపం ఆయప్ప, నలభై ఏండ్లు నిలబడే ఉండె. ఇంక కూర్చోనీ" అంది.

ఆ ఆట ఆఖరి రౌండులో జవాబు చెప్పడానికి పది సెకన్లు ఇస్తారు. ఆగస్టు 29న గిడుగు వారి జయంతికి మన శాఖలో క్విజ్ ఉంటుంది కదా. ప్రశ్నలడిగే అక్కలకూ, వినే మనందరికీ ఒకటే మనవి: ఎవరైనా తప్పు చెప్తే, నవ్వే ముందు ఒక్క పది సెకన్లు ఆగండి. ఆ పిల్ల మళ్లీ ప్రయత్నిస్తుంది.

ఈసారి నేనూ పేరిస్తున్నాను.

— బి.ఏ. రెండో సంవత్సరం విద్యార్థిని