పాతయింట క్రొత్త చిత్రములు



గడచిన నెలలో మా మేనకోడలికి ఒక జాబు వచ్చినది. బాగుచేయబడిన యొక పాత భవనములో చిత్రకారులకు మూడు నెలలపాటు బసయు, భోజనమును, పనిచేసికొనుటకు గదియు నిచ్చి, తుదిని వారి చిత్రములను ఆ భవనమునందే ప్రదర్శింతురట. ఇట్టి యేర్పాటును రెసిడెన్సీ యందురు. చిన్నది చిత్రలేఖనము చదివి పట్టము పొందినది; పెండ్లియైన పిదప రెండేండ్లుగా కుంచె ముట్టలేదు. ఆమె అత్తగారు ఆ జాబు చేతబట్టుకొని మా యింటికి వచ్చి, "వదినగారూ, బొమ్మలు వేసికొనుటకు మా యింట గోడలు లేవా? అందులకు మూడు నెలలు ఇల్లు విడిచిపోవలెనా? చదువుకొన్నవారు, మీరే చెప్పుడు" అని యడిగిరి.

ఆమె ప్రశ్న న్యాయమైనదే. ఆమెకు చెప్పిన సంగతులనే ఈ నెల మీకును విన్నవించుచున్నాము.

ఈ యేర్పాటు నిన్న మొన్నటిది కాదు. ఫ్రాన్సు దేశపు రాజగు పదునాలుగవ లూయీ 1666వ సంవత్సరమున రోము నగరములో నొక కళాపీఠమును స్థాపించెను. యువచిత్రకారులును శిల్పులును అచ్చటికి పోయి, కొన్ని యేండ్లు కూటికి గుడ్డకు వెదకుకొనక, ప్రాచీనశిల్పములను చూచి నేర్చుచు పనిచేయవలెనని దాని యుద్దేశము. 1803లో నెపోలియను ఆ పీఠమును పించియో కొండమీది మెడీచి సౌధమునకు మార్చెను. ఆ సౌధము పదునారవ శతాబ్దిలో కట్టినది. 1576లో ఫెర్డినాండో మెడీచి యను క్రైస్తవ మతాధికారి దానిని కొని పెంపొందించెను. తోటవైపు గోడనిండ ప్రాచీన రోమను శిల్పఫలకములు పొదిగియున్నవి. ఫ్రెంచివారి చేతికి వచ్చునాటికి ఇల్లును తోటయు పాడుపడియుండెను. బాగుచేసిన పిమ్మటనే విద్యార్థులు అందు కాపురముండగలిగిరి. మరల 1961 నుండి 1977 వరకు అచ్చట అధ్యక్షుడుగా నుండిన బాల్తుస్ అను చిత్రకారుడు, గోడలకు పూతపై పూతగా రంగులు వేయించి, వెలిసిన పాతగోడల శోభను మరల తెచ్చెను. ఇప్పుడు ఏటేట అచ్చట నివసించు కళాకారుల పనులను ఆ సౌధమునందే ప్రదర్శించుచున్నారు.

పాతయింట క్రొత్త చిత్రములను చూపుట సులభము కాదు. చారిత్రకమైన గోడకు ఇష్టము వచ్చిన చోట మేకు కొట్టరాదు. కావున పైనున్న కమ్మినుండి తీగలతో వ్రేలాడదీయుదురు; లేదా గోడకు ఎడముగా పలకలు నిలిపి వానికి తగిలింతురు. కాగితముపై వేసిన చిత్రములు వెలుగునకు వెలిసిపోవును గనుక, వానిమీద సాధారణముగా 50 లక్సులకు మించిన వెలుతురు పడనీయరు. పట్టుచీరను నీడపట్టున ఆరవేయు మనకు ఈ మర్మము వేఱుగ చెప్పనక్కరలేదు.

ఇంత శ్రమపడి అచ్చటనే చూపనేల? చిత్రము పుట్టిన వెలుతురును, పుట్టిన గదిని, చూచువారు కూడ చూడగలుగుదురు. నాలుగువందల యేండ్ల నాటి పనితనము ప్రక్కను నిలిచినపుడు, క్రొత్తచిత్రము తన విలువ తాను చెప్పుకొనవలసియుండును. ఇంటికిని ఇది మేలే. ఎంత బాగుచేసినను మనుష్యులు పనిచేయని ఇల్లు తాళము వేసిన భోషాణమువంటిది.

ఇక మనము ముఖ్యముగా తెలిసికొనవలసినది వేఱొకటి కలదు. 1666లో తెరచిన ఆ తలుపు స్త్రీలకు తెరచుకొనుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టెను. రోమునకు పంపు పోటీలోనికి 1903లో గాని స్త్రీలను రానీయలేదు. 1911లో లూసియెన్ హ్యూవెల్‌మాన్స్ శిల్పమునందు ప్రథమ బహుమానము నందెను. 1913లో లిలీ బులాంజే యను పందొమ్మిదేండ్ల కన్య సంగీతరచనలో గెలిచెను. చిన్ననాటినుండి రోగపీడితురాలగు నామె 1914లో రోమునకు పోయినది గాని, అదే యేట యుద్ధము వచ్చుటచే నివాసము సాగలేదు. 1918లో ఇరువదినాలుగేండ్లకే కన్ను మూసెను. పెండ్లికానివారే పోటీకి అర్హులను నియమము కూడ నుండెడిది. పురుషులకును అదే నియమమైనను, అది ఎవరికి ఎక్కువ భారమో మీరెఱుగుదురు. 1968లో ఆ పోటీయే రద్దయ్యెను. ఇప్పుడు సంసారముతో వచ్చి అచ్చట నుండువారును కలరు. 2015లో మ్యూరియెల్ మాయెత్-ఓల్ట్స్ అను వనిత ఆ పీఠమునకు మొదటి స్త్రీ అధ్యక్షురాలుగా నియమింపబడెను.

రోములో ఆ పీఠము వెలసిన కాలముననే తంజావూరిని విజయరాఘవ నాయకుడు ఏలుచుండెను. ఆయన కొలువున రంగాజమ్మ మన్నారుదాస విలాసమును రచించెను. అంతకు ముందు రఘునాథ నాయకుని యాస్థానమున రామభద్రాంబయు మధురవాణియు సంస్కృతమున కావ్యములు చెప్పిరి. స్త్రీకి పీట వేసి, తీరిక నిచ్చి, చేసిన పనిని సభలో వినిపింపజేయుట మనవారికి తెలియనిది కాదు. కాని అది కొలువులోని విదుషీమణులకే దక్కినది. వంటయింటిలోని గృహిణి కట్టి ఆస్థానము లేదు.

ఈ శీర్షికను మేము ఏండ్ల తరబడి వంటయింటి బల్లమీదనే వ్రాయుచున్నాము. పప్పు పొంగినపుడెల్ల వాక్యము తెగును. పుట నిండుట కది చాలును. కాని రంగు తడి యారకమునుపే పూర్తి చేయవలసిన చిత్రమునకు చాలదు. చిన్నది కోరునది గోడ కాదు. ఎవరును పిలువని పగళ్లు.

ఇంతవరకు చెప్పి యూరకుంటిమి. వదినగారు జాబును మరల మరల మడచుచు, "అచ్చట వంట యెవరు చేయుదురు?" అని యడిగిరి. ఆ సంస్థవారే చేయింతురని చెప్పితిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. తుదకు, "నలువది యేండ్ల సంసారములో నేను పొయ్యి వెలిగింపని దినములు వ్రేళ్లమీద లెక్కపెట్టవచ్చును. మూడు నెలలనగా ఎట్లుండునో నాకు ఊహకైనను రాదు" అనిరి. అందులకు మాయొద్ద సమాధానము లేదు.

మరునాడు చిన్నదానిని పిలిచి, ప్రయాణమునకు పెట్టె సర్దుకొమ్మని చెప్పిరట. ప్రదర్శన దినమున తామును వచ్చి చూతురట. మేమును వెంట పోవుదుము.